దొరికింది అంటే మనదేనా?



2025 శివరాత్రి వీడియోలో జాగరణ గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. మెలకువగా ఉండడమంటే రాత్రంతా కళ్లు తెరుచుకుని కూర్చోవడం ఒక్కటే కాదు, మనం చేసే పనిని మనం చూసుకోవడం కూడా అని చెప్పాను. ఆ స్క్రిప్ట్ రాసింది నేనే, కెమెరా ముందు చదివిందీ నేనే. చాలామంది బాగుందన్నారు. సంతోషం. కానీ ఆ వీడియో పెట్టిన నాలుగో రోజున, విశాఖపట్నంలో మా ఇంటికి దగ్గరగా ఉన్న సముద్రపు ఒడ్డున, తొమ్మిదేళ్ల పిల్ల అడిగిన ఒక ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ ప్రశ్న గురించే ఈ పోస్ట్. దాని వెనక పద్నాలుగేళ్లుగా నేను ఎవరికీ చెప్పని ఒక విషయం కూడా ఉంది. వీడియోలో చెప్పడానికి నోరు రాలేదు. రాయడమైతే కొంచెం తేలికనిపించింది.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26, బుధవారం వచ్చింది కదా. నేను హైదరాబాద్ నుంచి ఇంటికి వెళ్లాను. మా వైపు శివరాత్రికి జాగారం చేసినవాళ్లు మర్నాడు పొద్దున్నే సముద్రస్నానం చేస్తారు. ఆ రోజు ఆర్కే బీచ్ చూడాలి, ఇసుక కనపడదు, తలలే. అమ్మ మోకాళ్ల నొప్పులతోనే వెళ్లి మూడు మునకలు వేసి వచ్చింది. వచ్చాక తడిబట్టలు ఆరేస్తూ, "రేపూ ఎల్లుండీ నీళ్లు బాగా వెనక్కి పోతాయి, పిల్లని తీసుకెళ్లి రాళ్ల దగ్గర చూపించరా" అంది. అమ్మ సైన్స్ చదువుకోలేదు. కానీ అమావాస్య వెళ్లాక సముద్రం లోపలికి పోతుందని ఆ ఊళ్లో పుట్టిన ఎవరికైనా తెలుసు.

దీని వెనక ఉన్న లెక్క మన పంచాంగంలోనే ఉంది. సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. పొంగడాన్ని పోటు అంటాం, తగ్గడాన్ని పాటు అంటాం. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే మర్నాటికి అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలోకి వస్తాయి. ఇద్దరి లాగుడూ కలుస్తుంది. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటు బాగా పైకి వస్తుంది, పాటు బాగా లోపలికి పోతుంది. అష్టమి దగ్గర్లో ఈ తేడా తగ్గిపోతుంది. అంటే తిథి చూస్తే సముద్రం సంగతి సగం తెలిసిపోయినట్టే.

వైజాగ్‌లో ఈ తేడా మరీ పెద్దది కాదు, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా సుమారు ఒకటిన్నర మీటరు. గుజరాత్‌లో భావనగర్ వైపు అయితే పది మీటర్ల దాకా ఉంటుంది. అక్కడి కోలియాక్ తీరంలో నిష్కళంక మహాదేవుడి శివలింగాలు నీళ్లు తగ్గినప్పుడే బయటికి కనిపిస్తాయి, భక్తులు బురదలో నడుచుకుంటూ వెళ్లి దర్శనం చేసుకుని పోటు వచ్చేలోపు తిరిగొస్తారు. మన వైపు అంత లేకపోయినా ఒక వెసులుబాటు ఉంది. బంగాళాఖాతంలో మన తీరం వెంబడి నీటి మట్టం అక్టోబరు, నవంబరు నెలల్లో ఎక్కువగా, ఫిబ్రవరి, మార్చిల్లో తక్కువగా ఉంటుంది. కాబట్టి శివరాత్రి తర్వాత వచ్చే పాటు ఏడాదిలోకెల్లా బాగా తగ్గే పాటుల్లో ఒకటి. పైగా ఈసారి మార్చి 1న చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చాడు. ఆ శనివారం మధ్యాహ్నం మూడు దాటాక నేనూ మా అక్క కూతురూ తెన్నేటి పార్క్ దాటి జోడుగుళ్లపాలెం వైపు రాళ్లలోకి దిగాం.

రోజూ కెరటాలు కొట్టుకునే చోటు అది. ఆ రోజు అక్కడ నిలబడితే కింద నీళ్లు లేవు. ఎప్పుడూ చూడని రాయి నల్లగా, తడిగా, నాచుతో బయటపడి ఉంది. రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచిపోయాయి. ఒక్కో గుంట ఒక్కో వీధి అనుకోండి. ఒక దాంట్లో సీ అనిమోన్లు. చూస్తే పువ్వులే, కానీ జంతువులు. రేకుల్లాంటివి చాచి కూర్చుంటాయి, చిన్న చేప తగిలితే పట్టుకుని తినేస్తాయి. నీళ్లు లేనిచోట ఉన్నవి ముడుచుకుపోయి జిగటగా చిన్న ఉండల్లా రాయికి అంటుకుని ఉన్నాయి. ఇంకో గుంటలో రాతి సందుల్లో నల్లటి ముళ్ల బంతులు, సీ అర్చిన్లు. రాళ్లమీద కాలు పెడితే గరగరమనే తెల్లటి బొడిపెలు బార్నకిల్స్. అవి కూడా ప్రాణులే. నీళ్లు లేని ఆ కొన్ని గంటలూ పెంకు తలుపులు బిగించుకుని, లోపలున్న తడితోనే బతుకుతాయి.

పిల్లకి మొదటి పావుగంట మాట పడిపోయింది. తర్వాత మాటలు ఆగలేదు. "మావయ్యా ఇది చూడు, మావయ్యా అది కదిలింది" అంటూ ఒక గుంట నుంచి ఇంకో గుంటకి. పాకుడు మీద జారుతుందేమోనని దాని చెయ్యి పట్టుకుని నేను.

ఒక రాయి అంచున దానికి గవ్వ కనిపించింది. నిజం గవ్వ. బొటనవేలంత ఉంది, పైన మచ్చలు, అద్దంలా మెరుస్తోంది. తీసి అరచేతిలో పెట్టుకుంది.

"మావయ్యా, నాకు గవ్వ దొరికింది! అమ్మమ్మ పూజ గదిలో లక్ష్మీదేవి దగ్గర పెడదాం."

గవ్వని తిప్పి చూశాను. అడుగున సన్నటి చీలిక, అందులోంచి లోపలికి ముడుచుకుపోతున్న మెత్తని పొర. బతికే ఉంది. గవ్వ మెరుపుకి కారణమే అది. బతికున్నప్పుడు లోపలి జీవి తన ఒంటి పొరని బయటికి చాచి పెంకు మొత్తాన్నీ కప్పుకుంటుంది. ఆ పొరే దాన్ని నున్నగా, మెరిసేలా ఉంచుతుంది. చచ్చిపోయి ఒడ్డున ఎండకీ ఇసుకకీ దొర్లిన గవ్వ వెలిసిపోతుంది. అంటే ఎక్కువ మెరిసే గవ్వ బతికుండగా తీసినది అయ్యే అవకాశం ఎక్కువ.

"ఇది బతికుందమ్మా, పెట్టెయ్" అన్నాను.

"దేవుడికే కదా మావయ్యా? మనకి కాదుగా?"

ఇదే ఆ ప్రశ్న. ఆ మాట వినగానే నా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే అచ్చం అదే మాట, అదే రాళ్ల దగ్గర, నాకు నేను చెప్పుకున్నాను. 2011లో.

అప్పుడు ఇంజనీరింగ్ మూడో ఏడు. స్నేహితులతో వచ్చాను. అప్పుడూ నీళ్లు ఇలాగే బాగా తగ్గి ఉన్నాయి. ఒక గుంటలో కోడిగుడ్డంత పెంకు కనిపించింది, శంఖంలాగా మెలికలు తిరిగి ఉంది. అమ్మ పూజ గదిలో శంఖం లేదు. కొనాలని ఎప్పటినుంచో అంటూ ఉండేది. తీశాను. దాని నోటికి అడ్డంగా గోధుమరంగు మూత బిగుసుకుంది. వేలితో నొక్కితే లోపలి నుంచి ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు అనిపించింది. అది నాకు స్పష్టంగా గుర్తుంది. తలుపు వెనక ఎవరో ఉన్నారని తెలిసే నేను దాన్ని జేబులో వేసుకున్నాను. దేవుడికే కదా అనుకున్నాను.

హాస్టల్ గదిలో ఒక రాత్రి బకెట్‌లో ఉంచాను. మర్నాడు ఒకడు చెబితే వేడినీళ్లలో వేశాను. మిగతాది రాయను. వాసన మూడు రోజులు పోలేదు. కడిగి, ఎండబెట్టి, పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మకిచ్చాను.

"ఎక్కడిదిరా?" అంది.

"ఒడ్డున దొరికింది" అన్నాను.

అమ్మ కళ్లకద్దుకుంది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, శివుడి పటం ముందు ఉంచింది. ఆ రోజు నుంచి పద్నాలుగేళ్లు దానికి రోజూ బొట్టు పెడుతూనే ఉంది. నేను ఇంటికి వెళ్లిన ప్రతిసారీ దండం పెట్టుకునేటప్పుడు కళ్లు అటు పోకుండా చూసుకుంటాను.

దొరికింది అనే మాట ఒకసారి ఆలోచించండి. తీశాను అంటే తీసినవాడు ఒకడు ఉన్నాడు. దొరికింది అంటే ఎవడూ లేడు. వస్తువే వచ్చి మన చేతిలో పడినట్టు ఉంటుంది. రోడ్డుమీద పర్సు దొరికింది, ఆఫర్‌లో దొరికింది, పని తొందరగా అయిపోయే దారి దొరికింది. నిజంగా దొరికేవీ ఉంటాయి, కాదనను. కానీ చాలాసార్లు మనం చేసిన పనిలోంచి మనల్ని మెల్లగా తప్పించుకోవడానికి ఆ మాట వాడతాం. పాటు వచ్చినప్పుడు సముద్రం మనకి ఏదీ ఇవ్వదు. కప్పి ఉన్నదాని మీంచి కాసేపు నీళ్లు తప్పుకుంటాయి, అంతే. కనిపించడం వేరు, దొరకడం వేరు. ఇంటి తలుపు తీసి ఉందని లోపల సామాను మనకి దొరికినట్టు కాదు కదా.

పిల్లకి ఇదంతా చెప్పలేదు. "దేవుడికైనా సరే, దాని ఇల్లు దానిది" అని మాత్రం అన్నాను. అది గవ్వని తీసిన చోటే, తీసినట్టే పెట్టింది. కానీ ఒప్పుకోలేదు. మన ఛానల్ చూసే పిల్ల కదా, రెండు నిమిషాలాగి ఇంకోటి వేసింది.

"మరి కృష్ణుడి శంఖం? దాంట్లో కూడా రాక్షసుడు ఉన్నాడుగా? చంపేసే కదా తీసుకున్నాడు?"

పాంచజన్యం కథ నేనే దానికి చెప్పాను. ఇప్పుడు నాకే తగిలింది. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో జవాబు తోచలేదు. "ఇంటికెళ్లాక చెప్తా" అని తప్పించుకున్నాను.

ఒడ్డుకి దగ్గర్లో ఒక పెద్దాయన తెప్ప పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చాలాసేపటినుంచి చూస్తున్నట్టున్నాడు. "ఏటి బాబూ, పిల్లకి సూపిత్తన్నారా? తొరగా వచ్చీండి, నీరు తిరిగిపోద్ది" అన్నాడు. అక్కడ నిలబడి కాసేపు మాట్లాడాం. వేట ఎలా ఉంది తాతా అని అడిగాను. తగ్గిపోయింది అన్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకి వేట నిషేధం ఉంటుంది, చేపలు గుడ్లు పెట్టే కాలం అని. ఆ 61 రోజులూ ఇల్లు గడవడం కష్టమే అన్నాడు. "మరి ఆపకపోతే?" అని పిల్ల అడిగింది. "ఆపకపోతే పై ఏడు ఏటి తింతామమ్మా" అని నవ్వాడు.

అక్కడినుంచి నడుస్తుంటే నాకు ఒకటి తట్టింది. ఆయన మాట వేట. చేపలు పట్టడాన్ని మన తీరంలో వేట అనే అంటారు. ఆ మాటలో దాపరికం లేదు. నేనొక ప్రాణిని తీస్తున్నాను, నా బతుకు కోసం తీస్తున్నాను, ఇంత కాలం తీస్తాను, ఇంత కాలం ఆపుతాను అని ఒప్పుకునే మాట అది. రోజూ వలలో వందల చేపలు తెచ్చే ఆయన కంటే, జీవితంలో ఒక్క నత్తని తీసి దేవుడి పేరు పెట్టి దొరికింది అన్న నేనే ఎక్కువ అబద్ధంలో బతికాను.

తిరిగి వస్తుండగా పిల్ల ఇంకో పెంకు తీసింది. ఈసారి జాగ్రత్తగా ఏరింది. చిన్నది, వెలిసిపోయింది, అంచు విరిగింది. "ఇది ఖాళీదే మావయ్యా. ఇది తీసుకోవచ్చుగా?" నేను సరే అనబోతుండగా అరచేతిలో ఆ పెంకు లేచి నిలబడింది. కింద సన్నటి కాళ్లు. పిల్ల కెవ్వుమంది, కానీ పారెయ్యలేదు, మెల్లగా వంగి నీళ్లలో వదిలింది.

దాన్ని సన్యాసి పీత అంటారు. పేరు భలే ఉంటుంది. దాని వెనక భాగం మెత్తగా ఉంటుంది, సొంత పెంకు ఉండదు. అందుకని చచ్చిపోయిన నత్తల పెంకులు వెతుక్కుని వాటిలో కాపురం ఉంటుంది. ఒళ్లు పెరిగేకొద్దీ పెంకు ఇరుకవుతుంది, ఇంకొంచెం పెద్దది కావాలి. కొన్ని రకాల్లో అయితే ఒక మంచి పెంకు ఖాళీగా కనిపిస్తే పీతలు సైజు ప్రకారం వరసలో నిలబడతాయి. పెద్దది కొత్త పెంకులోకి వెళ్తుంది, అది వదిలినదాంట్లోకి దాని వెనకది, ఆ తర్వాత ఇంకోటి. ఒక్క పెంకు వల్ల వరసలో అందరికీ ఇల్లు మారుతుంది. ఒడ్డున పెంకులు తక్కువైన చోట్ల సన్యాసి పీతలు ప్లాస్టిక్ సీసా మూతల్లో దూరి తిరుగుతున్న ఫొటోలు మీలో కొందరు చూసే ఉంటారు.

కాబట్టి ఖాళీది అని మనం అనుకున్నది కూడా ఎవరికో కావాల్సిందే. మనకి దాని అవసరం తెలియకపోవడం వేరు, దానికి అవసరం లేకపోవడం వేరు.

ఆ రాత్రి పిల్ల పడుకున్నాక భాగవతం తీశాను. దశమ స్కంధంలో ఆ కథ మళ్లీ చదివాను. కృష్ణుడు, బలరాముడు సాందీపని మహర్షి దగ్గర చదువు పూర్తిచేశారు. గురుదక్షిణ ఏం కావాలని అడిగితే, ప్రభాస తీర్థం దగ్గర సముద్రంలో పోయిన మా అబ్బాయిని తెచ్చివ్వండి అన్నారు గురువుగారు, ఆయన భార్యా. అన్నదమ్ములు సముద్రం దగ్గరికి వెళ్లారు. నేను తీసుకోలేదు, శంఖం రూపంలో పంచజనుడనే దైత్యుడు ఈ నీళ్లలో తిరుగుతున్నాడు అని సముద్రుడు చెప్పాడు. కృష్ణుడు వాణ్ణి చంపాడు. పొట్టలో పిల్లవాడు లేడు. వాడి ఒంటినుంచి వచ్చిన శంఖం పట్టుకుని యముడి నగరానికి వెళ్లాడు. ఆ నగరం ముందు నిలబడి ఆ శంఖం ఊదాడు. యముడు బయటికి వచ్చి, విషయం విని, పిల్లవాణ్ణి ఇచ్చేశాడు.

ఎన్నిసార్లు చదివానో ఈ కథ. కానీ ఒకటి అప్పటిదాకా పట్టించుకోలేదు. కృష్ణుడు సముద్రంలోకి దిగింది శంఖం కోసం కాదు. ఒకరి బిడ్డని వెనక్కి తేవడం కోసం. ఆ కథలో ఆ శంఖం మోగింది కూడా పోయిన ప్రాణాన్ని వెనక్కి అడగడానికే. నేను దిగింది తీసుకోవడానికి. ఆ మాట పొద్దున్నే పిల్లకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే కృష్ణుడు ఇవ్వడానికి వెళ్లాడన్నమాట" అంది. నేను అంతకంటే బాగా చెప్పలేను. ఇది పూర్తి జవాబేనా అంటే చెప్పలేను. కథలో రాక్షసుడు, నా గుంటలో నత్త. రెంటికీ పోలికే లేదు అని కూడా అనొచ్చు. నాకు మాత్రం చాలింది.

ఆదివారం పొద్దున్న పూజ అయ్యాక అమ్మ దగ్గర కూర్చుని చెప్పాను. "అది ఒడ్డున దొరకలేదమ్మా. బతికున్నదాన్ని తెచ్చి వేడినీళ్లలో వేశాను" అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆ పెంకు వైపు చూసింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. చివరికి, "నాకు చెప్పి ఉంటే రోజూ దానికి ఇంకో దండం పెట్టుకునేదాన్ని కదరా" అంది. ఆ మాట నన్ను ఎంత కాల్చిందో చెప్పలేను. తప్పు చేశానని కాదు, తన చేత తెలియకుండా చేయించానని ఆమె బాధ.

దాన్ని ఏం చేద్దామన్నదానికి దారి చూపించింది పిల్లే. "సన్యాసి పీతకి ఇచ్చేద్దామా అమ్మమ్మా?" అంది. పద్నాలుగేళ్లు పూజ చేసినదాన్ని అలా వదిలెయ్యడమేంటని అమ్మ ముందు తటపటాయించింది. తర్వాత తనే లేచి, కుంకుమా నూనె జిడ్డూ పోయేదాకా నీళ్లలో రుద్ది కడిగి, "పాపం దానికి మంట పెడుతుందేమో, శుభ్రంగా పోయిందో లేదో చూడు" అని నా చేతికిచ్చింది.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం మన వీడియోల్లో ఇంతకుముందు చెప్పుకున్నాం. కదిలే ఈ జగత్తులో ఉన్నదంతా ఈశ్వరుడితో నిండి ఉంది, వదులుకుంటూ అనుభవించు, ఆశపడకు, ఈ సంపద ఎవరిది అని దాని భావం. అందరం వింటాం, తల ఊపుతాం. ఆ మంత్రం నిజమైతే ఆ రాళ్ల మధ్య గుంట అప్పటికే ఆయన పూజ గది. అందులో ఉన్న ప్రాణి అప్పటికే ఆయన ముందు ఉంది. నేను ఆయన గదిలోంచి ఒకటి ఎత్తుకొచ్చి, మా ఇంటి అల్మరాలో పెట్టి, ఆయనకే సమర్పించానని మురిసిపోయాను. గీతలో భగవంతుడు తనకి ఏం కావాలో చెప్పినప్పుడు ఆకు, పువ్వు, పండు, నీళ్లు అనే అన్నాడు. ఎవరికైనా అందేవి, ఎవరి ప్రాణమూ తీయక్కర్లేనివి.

మీలో కొందరు అడుగుతారు, నాకు తెలుసు. అయితే ఇంట్లో ఉన్న శంఖం పారెయ్యాలా? మన పూజల్లో ఊదే శంఖాలు ఎక్కువగా మన్నార్ సింధుశాఖ లాంటి చోట్ల మునిగి తీసేవి. తూత్తుకుడి వైపు అది తరాలుగా ఉన్న వృత్తి, బెంగాల్‌లో పెళ్లైన ఆడవాళ్లు వేసుకునే తెల్ల గాజులు కూడా ఆ శంఖాలతోనే చేస్తారు. వాటిలో చాలావరకు బతికున్నవాటినే తీస్తారు. పట్టుబట్టల సంగతీ అంతే, పట్టుపురుగు గూడుని వేడినీళ్లలో వేస్తేనే ఆ పొడుగాటి దారం వస్తుంది. నేను ఎవరినీ ఏదీ పారెయ్యమనడం లేదు. తాతగారి నుంచి వచ్చిన శంఖం ఇంట్లో ఉంటే అది మీ తర్వాత పిల్లలకి, వాళ్ల పిల్లలకి ఇవ్వండి. ఇంకోటి కొనకండి. ఊదేటప్పుడు, ఒకప్పుడు ఇందులో ఒకరు ఉండేవారు అని ఒక్క క్షణం గుర్తు చేసుకోండి. అది తెలిసి పెట్టే నమస్కారం వేరుగా ఉంటుంది. ఇక షాపుల్లో అమ్మే మెరిసే గవ్వలు, పగడపు ముక్కలు, సముద్రగుర్రాలు ముచ్చటపడి కొనేముందు ఆలోచించండి. పగడాలు, సముద్రగుర్రాలు, కొన్ని రకాల పెంకులు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. చట్టం సంగతి అలా ఉంచినా, మన ముచ్చటకి ఒక ప్రాణం ఖర్చు అవసరమా?

పాటు సమయంలో మీరూ వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. తిథి చూసుకుని, పాటు వేళ కనుక్కుని, నీళ్లు ఇంకా తగ్గుతుండగానే వెళ్లండి. తిరిగి పెరగడం మొదలవగానే ఒడ్డుకి వచ్చేయండి, మన తీరంలో రాళ్ల దగ్గర కెరటాన్ని నమ్మకూడదు. గట్టి చెప్పులు వేసుకోండి. వీలైనంతవరకు ఉత్త రాయి మీదో ఇసుక మీదో అడుగు వేయండి. ఏదైనా రాయి తిప్పి చూస్తే మళ్లీ అలాగే బోర్లించండి, దాని కింద నీడలో బతికేవి ఎండకి చచ్చిపోతాయి. ఫొటో తీసుకోండి, కళ్లారా చూడండి, ఖాళీ చేతులతో రండి.

ఆ ఆదివారం సాయంత్రం, ముందురోజు కంటే ఇంచుమించు ముప్పావుగంట ఆలస్యంగా, నీళ్లు మళ్లీ అంతే లోపలికి పోయాయి. ముగ్గురం వెళ్లాం. అమ్మ ఒడ్డునే కూర్చుంది. నేను ఏ గుంటలోంచి తీశానో నాకు గుర్తులేదు. పద్నాలుగేళ్లలో రాళ్లూ మారి ఉంటాయి. సన్యాసి పీతలు ఎక్కువగా ఉన్న ఒక గుంట చూసి, పెంకుని నోరు కిందికి ఉండేలా మెల్లగా పెట్టాను. ఏదైనా వస్తుందేమోనని పిల్లా నేనూ గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాం. ఒక చిన్న పీత వచ్చింది, చుట్టూ తిరిగింది, తనకి మరీ పెద్దదనుకుందో ఏమో వెళ్లిపోయింది. ఇంకేదీ రాలేదు. ఈలోపు నీళ్లు తిరిగాయి, మొదటి కెరటం గుంట అంచు దాటి లోపలికి పడింది.

ఇచ్చేశాను కాబట్టి లెక్క సరిపోయిందని నేను అనుకోవడం లేదు. పెంకు ఇచ్చాను, ప్రాణం ఇవ్వలేను కదా. రాత్రి ట్రైన్ ఎక్కేముందు పూజ గదిలో దండం పెట్టుకున్నాను. శివుడి పటం ముందు ఆ పెంకు ఉన్నచోట పీట మీద గుండ్రంగా ఒక మచ్చ మిగిలి ఉంది. అమ్మ ఆ చోట ఇంకేమీ పెట్టలేదు. ఈసారి అటువైపే చూసి దండం పెట్టుకున్నాను.

ఓం నమశ్శివాయ.